ఉలి పట్టిన చేతికి అడుగుల మోటారు

చెక్కుడు మిషను సొంతంగా కట్టుకునే వారికి మోటారు, డ్రైవు ఎంపికే అసలు పరీక్ష

జగ్గయ్యపేట, నందిగామ: ఇల్లు కట్టుకునే ఆసామీ ఎవరైనా సింహద్వారం మీద పూర్ణకుంభమో, గజలక్ష్మో, కనీసం నాలుగు తామర పూలో ఉండాలని కోరుకోవడం సహజం. ఒకప్పుడు ఆ పని రోజుల తరబడి ఉలితో జరిగేది. ఇప్పుడు బొమ్మ కంప్యూటరులో సిద్ధమవుతున్నది. టేకు పలక మీద గిర్రున తిరిగే బిట్టు గంటల వ్యవధిలో దానిని చెక్కి పెడుతున్నది. సి.ఎన్.సి. రౌటర్ అనే ఈ మిషను తనకు లేని వడ్రంగి, పలకను ఆటోలో వేసుకుని అది ఉన్న చోటికి మోసుకుపోవాలి. చెక్కుడు కూలి ఇచ్చి, మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి. పోను రాను బాడుగ, వంతు కోసం పడిగాపులు, దారిలో పలక అంచులకు తగిలే దెబ్బలు సరేసరి. ఇన్ని అవస్థలు పడే బదులు మనమే ఒకటి కట్టుకుంటే పోలా అన్న ఆలోచన చేయి తిరిగిన పనివారికి రావడంలో ఆశ్చర్యం లేదు.

2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్లినా, జనం నోట ఇంకా కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతంగానే ఉన్న ఈ నేలకు యంత్రాలు కొత్త కావు. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు, పత్తి జిన్నింగు మిల్లులు, హైదరాబాదు రహదారి వెంట లారీల మరమ్మతు షెడ్లు ఎందరికో పని నేర్పాయి. వెల్డింగు నిలువుగా పట్టగల వారికి, లేతు మీద షాఫ్టును నూలు తేడా లేకుండా తీయగల వారికి ఇక్కడ కొరత లేదు. చెక్కడమైతే అంతకన్నా పాతది. జగ్గయ్యపేట పక్కనే ధనబోడు మీద 1882లో బర్జెస్ దొర తవ్వకాలు జరిపించిన బౌద్ధ స్తూపం ఉన్నది. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఈ ప్రాంతంలో ఉలి ఎంత పాతదో చెబుతుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కొయ్య సంగతి వేరే చెప్పనక్కర లేదు.

కాబట్టి ఇనుప చట్రం నిలబెట్టడం, పట్టాలు బిగించడం, బేరింగులు కూర్చడం ఇక్కడి వారికి పెద్ద చిక్కు కాదు. చిక్కు వచ్చేది మోటార్ల దగ్గర, వాటిని నడిపే డ్రైవుల దగ్గర. చాలామంది ఇక్కడే దుకాణదారు చెప్పిందే వేదమనుకుని డబ్బు పోగొట్టుకుంటారు. మోటారు చిన్నదైతే పని ఆగుతుంది. పెద్దదైతే పని జరగవచ్చు, జరగకపోవచ్చు కూడా. ఇదే వింత.

పోయేది మోటారు కాదు, పలక

మూడు గంటలుగా చెక్కుతున్న టేకు పలక మీద లక్ష్మీదేవి ముఖం దాకా వచ్చాక మిషను ఒక్క క్షణం కీచుమని, మళ్లీ ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతుంది. కాసేపటికి చూస్తే కళ్లు ఒకచోట, కనుబొమలు మరొకచోట ఉంటాయి. అక్కడి నుంచి చెక్కినదంతా రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది. మోటారుకు ఏమీ కాలేదు, డ్రైవు కాలలేదు, కంప్యూటరులో తప్పు లేదు. పోయినది పలక. అది కూడా ఇంటివారు ముందే డబ్బు ఇచ్చి తెప్పించుకున్న పలక. ఇలా రెండుసార్లు జరిగితే ఆ వడ్రంగి మాట మీద ఊళ్లో ఎవరికీ నమ్మకం ఉండదు.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే స్టెప్పర్ మోటారు నడక తెలియాలి. మామూలు మోటారు కరెంటు ఇస్తే తిరుగుతూనే ఉంటుంది. స్టెప్పర్ అలా కాదు. ఒక తాకిడికి ఒక అడుగు. సాధారణంగా దొరికే మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. అంటే అడుగుకు 1.8 డిగ్రీలు. లోపలి రోటరుకు 50 పళ్లు ఉంటాయి. చుట్టూ ఉన్న కాయిళ్లలో కరెంటు దిశ మారిన కొద్దీ ఆ పళ్లు ఒక్కొక్క అడుగు ముందుకు లాగబడతాయి. ఈ మోటారుకు కళ్లు లేవు. వెయ్యి అడుగులు వెయ్యమంటే వేస్తుంది. కానీ మధ్యలో ఎవరైనా పట్టి ఆపితే ఆ సంగతి వెనక్కి చెప్పదు. చెప్పిన వెయ్యీ వేసిందనే కంట్రోలరు అనుకుంటుంది.

తప్పిన అడుగు కూడా ఒంటరిగా తప్పదు. పళ్ల అమరిక వల్ల, పట్టు తప్పిన రోటరు మళ్లీ నిలదొక్కుకునే సరికి నాలుగేసి అడుగుల లెక్కన వెనుకబడుతుంది. చుట్టుకు 5 మిల్లీమీటర్లు నడిపే బాల్ స్క్రూ మీద నాలుగు అడుగులంటే సరిగ్గా మిల్లీమీటరులో పదో వంతు. వేగంలో ఉండగా పట్టు జారితే ఒకసారితో ఆగదు, ఇరవై ముప్పై సార్లు జారుతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల లెక్క అక్కడిది.

కనుక మోటారు ఎంపికలో అడగవలసిన ప్రశ్న "ఎంత బలమైనది?" అని కాదు. మనం నడపదలచిన వేగంలో దానికి ఎంత బలం మిగులుతుంది అన్నది.

నెంబరు చూసి మోసపోవద్దు

దుకాణంలో ముందుగా వినిపించే మాట నెమా 17, నెమా 23, నెమా 34. ఇది అమెరికా ఎలక్ట్రికల్ తయారీదారుల సంఘం పెట్టిన కొలత. 23 అంటే మోటారు ముఖం 2.3 అంగుళాల చదరం. 17 అంటే 1.7 అంగుళాలు, 34 అంటే 3.4 అంగుళాలు. బోల్టులు ఎక్కడ పడతాయో చెప్పడానికి తప్ప ఈ నెంబరుకు బలంతో సంబంధం లేదు. ఒకే నెమా 23లో పొట్టిగా ఉండి 10 కిలో-సెంటీమీటర్ల టార్క్ ఇచ్చేదీ ఉన్నది, పొడుగ్గా ఉండి 30 దాకా ఇచ్చేదీ ఉన్నది. టార్క్ అంటే మెలితిప్పే బలం. ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో పది కిలోల బరువు కట్టి నిలపగలిగితే అది 10 కిలో-సెంటీమీటర్లు.

చీటీ మీద వేసే ఈ అంకె మోటారు కదలకుండా నిలబడి ఉన్నప్పటి బలం. మెట్ట ప్రాంతంలో బండలాగుడు పోటీలు చూసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. బండను కదిలించే గిత్తల జత ఒకటి, పరుగు పందెంలో గెలిచే జత మరొకటి. ఒకే జత రెండు చోట్లా గెలవడం అరుదు. స్టెప్పర్ మోటారు స్వభావరీత్యా బండలాగే ఎద్దు. వేగం పెంచిన కొద్దీ దాని బలం తగ్గిపోతుంది. నిమిషానికి వంద చుట్లలో దాదాపు పూర్తి బలం ఉన్న మోటారుకు ఆరువందల చుట్ల దగ్గర సగమే మిగలవచ్చు. వెయ్యి దాటాక దానితో కాఫీగింజల మర తిప్పడం కూడా కష్టమే కావచ్చు. తయారీదారు ఇచ్చే టార్క్-వేగం గీతపటం చూడకుండా మోటారు కొనడం, పళ్లు చూడకుండా ఎద్దును కొనడం వంటిదే. గీతపటం ఇవ్వలేని దుకాణంలో కొనకపోవడమే మంచిది.

బలం ఎంత కావాలి?

లెక్క కష్టమేమీ కాదు. నందిగామలో తలుపు దిమ్మెలు మాత్రమే చెక్కుకునే మూడడుగుల మిషను ఒకటి తీసుకుంటే, దానికి 16 మిల్లీమీటర్ల లావు, చుట్టుకు 5 మిల్లీమీటర్లు నడిపే బాల్ స్క్రూ సరిపోతుంది. నెమా 23 మోటారు నిలబడి 18 కిలో-సెంటీమీటర్లు ఇస్తుందనుకోవాలి. నిమిషానికి 600 చుట్ల దగ్గర సగం, అంటే 9 మిగులుతుంది. ఉన్నదాంట్లో సగానికి మించి వాడరాదన్నది అనుభవజ్ఞుల కట్టుబాటు. కనుక 4.5 మాత్రమే లెక్కలోకి వస్తుంది. దీనిని 6.28తో గుణించి, స్క్రూ నడకను సెంటీమీటర్లలో అంటే అరతో భాగించి, రాపిడికి పదో వంతు తీసివేస్తే దాదాపు 50 కిలోల తోపు వస్తుంది. అప్పటికి బ్రిడ్జి నిమిషానికి మూడు మీటర్ల వేగంతో కదులుతూ ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల బిట్టుతో టేకు చెక్కడానికి ఇంత తోపు అవసరమే రాదు. అంతకు ముందే బిట్టు విరుగుతుంది.

మరి వేగం అందుకునేటప్పుడు బరువు మాటేమిటి? ఇక్కడ చాలామందికి నమ్మశక్యం కాని సంగతి ఒకటి ఉన్నది. ముప్పై కిలోల బ్రిడ్జిని కదిలించడం కన్నా, దాన్ని నడిపే మీటరు పొడుగు స్క్రూను గిర్రున తిప్పడమే మోటారుకు ఎక్కువ భారం. స్క్రూ బరువు కిలోన్నరకు కాస్త పైన. అయినా 5 మిల్లీమీటర్ల నడక ఉన్నప్పుడు బ్రిడ్జి జడత్వం మోటారు దగ్గరకు వచ్చేసరికి బాగా కుదించుకుపోతుంది. స్క్రూది అలా కుదించుకుపోదు. లెక్క వేస్తే బ్రిడ్జి జడత్వం స్క్రూ దానిలో సగం కూడా రాదు. బలం చాలడం లేదని లావుపాటి స్క్రూ వేసిన వారికి మిషను ఇంకా మందగించడానికి కారణం ఇదే. లావు రెట్టింపైతే తిప్పే భారం పదహారు రెట్లవుతుంది.

పూర్తి సింహద్వారం చెక్కాలనుకునే వారి సంగతి వేరు. ఏడడుగుల తలుపుకు ఎనిమిదడుగుల మిషను కావాలి. అంత పొడుగున సన్నని స్క్రూ వేసి ఆరువందల చుట్లు తిప్పితే అది పిల్లలు ఆడే తాడులాగా ఊగుతుంది. 16 మిల్లీమీటర్ల స్క్రూ రెండున్నర మీటర్ల పొడుగున నిమిషానికి 250 చుట్లు దాటితేనే ప్రమాదం మొదలవుతుంది. అందువల్ల పొడుగు దిక్కుకు పళ్ల బద్ద, పళ్ల చక్రం వాడతారు. దానికీ ఒక మెలిక ఉన్నది. మాడ్యూల్ 1, 20 పళ్ల చక్రం ఒక చుట్టుకు దాదాపు 63 మిల్లీమీటర్లు నడుస్తుంది. మోటారు ఇరుసుకే దాన్ని తగిలిస్తే ఒక్కొక్క అడుగు మిల్లీమీటరులో మూడో వంతు పడుతుంది. చెక్కుడు పనికి అది ముతక. మధ్యలో పళ్ల బెల్టు వేసి ఒకటికి ఐదు తగ్గిస్తే అడుగు 0.06 మిల్లీమీటర్లకు దిగుతుంది, బలమూ ఐదింతలవుతుంది. అంత వెడల్పు బ్రిడ్జిని ఒక పక్క నుంచి లాగితే వంకరపోతుంది గనుక రెండు పక్కలా రెండు మోటార్లు తప్పవు. మొదటిసారి కట్టేవారు దిమ్మెల మిషనుతో మొదలుపెట్టడమే తెలివైన పని. తలుపంతా ఒకే పలక మీద చెక్కించుకునే వారు ఊరికి ఎందరుంటారు?

డ్రైవు లేనిదే మోటారు ఇనుప ముద్ద

మోటారు మీద 3 ఆంపియర్లు, 1 ఓమ్ అని ఉంటుంది. అంటే మూడు వోల్టులు చాలు. మరి డ్రైవు డబ్బాకు 36 వోల్టులు ఇవ్వమంటారేమిటి, కాలిపోదా? ఈ సందేహం ప్రతి ఎలక్ట్రీషియనుకూ వస్తుంది, రావలసిందే.

కాయిలు కరెంటును వెంటనే లోపలికి రానివ్వదు. బోరింగు కొట్టగానే నీరు పైకి రానట్టే కరెంటు పెరగడానికి కొంత వ్యవధి పడుతుంది. 600 చుట్ల వేగంలో అడుగుకు దొరికే వ్యవధి అర మిల్లీసెకను మాత్రమే. రెండున్నర మిల్లీహెన్రీల కాయిలుకు 12 వోల్టులు ఇస్తే మూడు ఆంపియర్లు చేరడానికి 0.6 మిల్లీసెకనులకు పైనే కావాలి. కరెంటు నిండేలోపే అడుగు అయిపోతుంది, బలం రాదు. అదే 36 వోల్టులిస్తే 0.2 మిల్లీసెకనులలో నిండుతుంది. నిండిన తరువాత డ్రైవు సెకనుకు వేలసార్లు కరెంటును తెంపుతూ కలుపుతూ మూడు ఆంపియర్లు దాటకుండా పట్టి ఉంచుతుంది. వోల్టేజి తోసేందుకు, డ్రైవు ఆపేందుకు. కనుక మోటారు కాలదు.

ఎన్ని వోల్టులు ఇవ్వవచ్చు అన్నదానికి మిషన్లు కట్టేవారు వాడే సూత్రం ఒకటి ఉన్నది. కాయిలు మిల్లీహెన్రీల వర్గమూలాన్ని 32తో గుణించాలి. రెండున్నర మిల్లీహెన్రీల మోటారుకు అది 50 వోల్టులు. అంతకు మించితే మోటారు వేడెక్కుతుందే తప్ప లాభం లేదు. ఇప్పుడు "పెద్దది వేస్తే పోలా" అని నెమా 34 కొన్న వారి సంగతి చూడాలి. దాని కాయిలు 8 మిల్లీహెన్రీలైతే సూత్రం ప్రకారం 90 వోల్టులు కావాలి. డబ్బు చాలక పాత 36 వోల్టుల డ్రైవే తగిలిస్తే నిలబడి ఉన్నంతసేపు కొండలా ఉంటుంది. వేగం పెంచగానే, దానిలో సగం ధర లేని నెమా 23 కన్నా ముందు చతికిలబడుతుంది. దుకాణంలో ఇద్దరు చేతితో ఇరుసు తిప్పి చూసి "ఇదే గట్టిది" అని తేల్చుకోవడం వల్ల వచ్చే నష్టం ఇది.

డ్రైవులలో ఏది? వేలెడంత ఏ 4988 చిప్పు గల బోర్డు 35 వోల్టులకు, రెండు ఆంపియర్లకు లోబడింది. ఆ రెండు ఆంపియర్లు కూడా చల్లబరిచే ఏర్పాటు ఉంటేనే. ప్లాస్టిక్ బొమ్మలు పోసే త్రీడీ ప్రింటరుకు అది చాలు, టేకుకు చాలదు. టి.బి. 6600 పేరుతో దొరికే చవక డబ్బా 4 ఆంపియర్లని చెబుతుంది. అయితే ఆ పేరుతో వచ్చే డబ్బాలలో చాలావాటిలో ఉండేది మరో చిన్న చిప్పు. పూర్తి కరెంటు పెట్టి రోజంతా నడిపితే తట్టుకోవడం కష్టం. నేర్చుకోవడానికి సరే, కూలికి చెక్కే మిషనుకు పెట్టరాదు. నెమా 23కు డి.ఎం. 542 తరగతి డిజిటల్ డ్రైవు సరిజోడు. 20 నుంచి 50 వోల్టులు, 4.2 ఆంపియర్ల దాకా. ఇంకా పైకి పోదలచిన వారికి 80 వోల్టుల దాకా తట్టుకునే డి.ఎం. 856 రకం ఉన్నది. డిజిటల్ డ్రైవుల మేలు ఒక్క బలంలోనే కాదు. స్టెప్పర్ మోటారు కొన్ని వేగాల దగ్గర పాత లారీ ఇంజను మాదిరి వణుకుతుంది, ఆ వణుకులో అడుగులు తప్పుతాయి. దాన్ని అణచే ఏర్పాటు వీటిలో ఉంటుంది.

డబ్బా మీద ఉండే చిన్న స్విచ్చీలతో కరెంటు నిర్ణయించాలి. అక్కడ రాసేది శిఖర విలువ. మోటారు మీది మూడు ఆంపియర్లకు 1.4 రెట్లు అన్నమాట. ఇది తెలియక చాలామంది తక్కువ పెట్టి, బలం లేదని మోటారును తిడతారు. ఎక్కువ పెట్టి మాడ్చేవారూ లేకపోలేదు. మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా కంగారు పడనక్కర లేదు. 80 డిగ్రీల దాకా పైతొడుగు వేడి దానికి మామూలే. డ్రైవుకు మాత్రం అంత ఓర్పు లేదు.

సూక్ష్మ అడుగుల భ్రమ

అదే స్విచ్చీలలో ఒక అడుగును 8, 16, 32 ముక్కలు చేసే సౌకర్యం ఉంటుంది. ఎన్ని ముక్కలైతే అంత నునుపు అని 32 పెట్టేవారే ఎక్కువ. నునుపు వస్తుంది, కొంతవరకు. కానీ పదహారు ముక్కలలో ఒక్క ముక్క కదలడానికి మోటారు చూపగలిగే బలం పూర్తి బలంలో పదో వంతు మాత్రమే. ఎనిమిది ముక్కలైతే అయిదో వంతు. రాపిడి దానికన్నా ఎక్కువైతే మోటారు ఒకటి రెండు ముక్కలు కదలక, మూడోదానికి ఒక్కసారి దూకుతుంది. కాగితం మీద వచ్చిన సూక్ష్మత చెక్క మీద రాదు.

పైగా లెక్కలు మోసే బోర్డుకు కూడా హద్దు ఉన్నది. ఎనిమిది ముక్కలతో 5 మిల్లీమీటర్ల స్క్రూకు మిల్లీమీటరుకు 320 తాకిళ్లు. నిమిషానికి మూడు మీటర్ల వేగమంటే సెకనుకు 16 వేలు. పదహారు ముక్కలు చేస్తే 32 వేలు. చవకగా దొరికే ఆర్డునో ఊనో బోర్డు మీద నడిచే జి.ఆర్.బి.ఎల్. ప్రోగ్రాము మోయగలిగేది 30 వేల దరిదాపు. ఎనిమిది దగ్గర ఆగడమే మేలు.

ఈ ప్రోగ్రాము సంగతి ఒక మాట చెప్పుకోవాలి. మిచిగన్ రాష్ట్రంలో హెలికాప్టర్ రెక్కలు చేసే పార్సన్స్ ఆలోచనతో మొదలై, 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అంకెలతో నడిచే మిల్లింగు మిషనును మొదటిసారి చూపారు. ఆ కంట్రోలు పెట్టెలు గదిని నింపేవి, ఖర్చు భరించినది అమెరికా వైమానిక దళం. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్కోగ్స్రుడ్ అరచేతిలో పట్టే బోర్డు మీద నడిచే జి.ఆర్.బి.ఎల్.ను రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్టు విడిచిపెట్టాడు. ఈనాడు నందిగామ వడ్రంగి మిషను కట్టగలిగాడంటే ఆ ఉచిత దానం చలవ కొంత ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

కరెంటు, ఎండ, దుమ్ము

పుస్తకాలలో రాయనివి, మెట్ట ప్రాంతంలో తప్పనివి ఈ మూడు.

డ్రైవులకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరును ఇక్కడే చుట్టించుకోవడం చాలామందికి అలవాటు. మంచిదే. అది గట్టిది, బ్రిడ్జి ఒక్కసారి ఆగినప్పుడు మోటారు నుంచి ఎదురు వచ్చే కరెంటును కూడా ఓర్చుకుంటుంది. అయితే 36 వోల్టుల డ్రైవు గదా అని 36 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు చుట్టించరాదు. ఏ.సి. 36 వోల్టులు డయోడులు, కెపాసిటరు దాటాక దాదాపు 51 డి.సి. వోల్టులవుతుంది. 50 వోల్టుల డ్రైవుకు అక్కడితో నూకలు చెల్లినట్టే. మెయిన్సు వోల్టేజి పదిశాతం పెరిగే రాత్రివేళలను కూడా లెక్కలో వేసుకుంటే 30 వోల్టులు దాటకుండా చుట్టించడం క్షేమం. ఆంపియర్ల విషయంలో నాలుగు మోటార్ల రేటింగు కలిపి అందులో మూడింట రెండు వంతులకు ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

కరెంటు పోవడం మరో బాధ. కళ్లు లేని మోటారుకు జ్ఞాపకమూ లేదు. కరెంటు పోయి వచ్చాక తాను ఎక్కడ ఉన్నదో మిషనుకు తెలియదు. మూడు దిక్కులా హోమ్ స్విచ్చీలు బిగించుకుంటే మళ్లీ మొదటి స్థానం వెతుక్కుని పని కొనసాగించవచ్చు. అవి లేని మిషను మీద సగం చెక్కిన పలక ఉన్నప్పుడు కరెంటు పోతే వడ్రంగి చేయగలిగేది తల పట్టుకోవడమే. నిలువు దిక్కున ఇంకో ప్రమాదం ఉన్నది. బాల్ స్క్రూలో రాపిడి తక్కువ గనుక, మోటారు పట్టు వదలగానే బరువైన స్పిండిలు కిందికి జారి బిట్టు పలకలో దిగవచ్చు. ఒక స్ప్రింగో, ఎదురు బరువో, బ్రేకు గల మోటారో పెట్టుకోవాలి.

మే నెలలో నందిగామ ఎండ 45 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. రేకుల షెడ్డులో, మూసిన ఇనుప పెట్టెలో నాలుగు డ్రైవులు పెడితే లోపలి వేడి ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. వేడెక్కిన డ్రైవు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆగేది సరిగ్గా చెక్కుడు మధ్యలోనే. పెట్టెకు గాలి లోపలికి తోసే ఫ్యాను, దానికి దుమ్ము ఆపే జల్లెడ గుడ్డ ఉండాలి. డ్రైవుల మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచి నిలువుగా బిగించాలి. రంపపు పొట్టు, సిమెంటు దుమ్ము కలిసి ఫ్యాను రెక్కల మీద పేరుకుంటాయి కనుక వారానికి ఒకసారైనా దులపాలి.

స్పిండిలు నడిపే ఇన్వర్టరు డ్రైవు మరో దయ్యం. దాని తీగలు, మోటార్ల సంకేతాల తీగలు ఒకే గొట్టంలో వేస్తే లేని తాకిళ్లు పుట్టుకొస్తాయి. మిషను తనంత తాను అర మిల్లీమీటరు జరుగుతుంది. తొడుగు తీగలు వాడి, ఆ తొడుగును ఒక్క కొసనే ఎర్తు చేయాలి. అసలు ఎర్తు గుంట ఉన్నదా, అందులో తడి ఉన్నదా అన్నది ముందుగా చూసుకోవలసిన సంగతి.

తీగల దగ్గర మెళకువలు

పాత ఫోటోకాపీ మిషన్ల నుంచి, డాట్ మాట్రిక్స్ ప్రింటర్ల నుంచి ఊడదీసిన మోటార్లు తుక్కు కొట్లలో చవకగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి ఆరు తీగలు ఉంటాయి, చీటీ ఉండదు. ఏ తీగకు ఏది జత అని మీటరు లేకుండానే తెలుసుకోవచ్చు. రెండు తీగల కొసలు మెలిపెట్టి ఇరుసు తిప్పి చూస్తే, జత కుదిరినప్పుడు ఇరుసు బిగుసుకుంటుంది. కానీ ఈ మోటార్లు కాగితం లాగడానికి పుట్టినవి. నేర్చుకునే కుర్రవాళ్లకు పనికొస్తాయి, టేకు పలకకు కాదు.

ఎనిమిది తీగల మోటారు దొరికితే కాయిళ్లను సమాంతరంగా కలపాలి. వరసగా కలిపినప్పటి కన్నా ఇండక్టెన్సు నాలుగో వంతుకు పడిపోతుంది, వేగంలో బలం నిలుస్తుంది. డ్రైవు కరెంటు మాత్రం రెట్టింపు కావాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యం: కరెంటు ఉండగా మోటారు తీగ పీకరాదు. అలా పీకిన క్షణాన కాయిలు విసిరే వోల్టేజికి డ్రైవు పోతుంది. వదులుగా బిగించిన స్క్రూ కనెక్షను వణుకుడుకు ఊడినా ఇదే ఫలితం. చచ్చిన డ్రైవులలో ఎన్ని ఇలా చచ్చాయో లెక్క తీస్తే తయారీదారులను తిట్టడం కొంత తగ్గుతుంది.

వెనుక కొసకు ఎన్‌కోడరు తగిలించిన క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వీటికి కళ్లు ఉన్నట్టే. అడుగు తప్పితే సరిదిద్దుకుంటాయి, వల్లకాకపోతే మిషనును ఆపి ఎర్రదీపం వెలిగిస్తాయి. ధర ఎక్కువ. రోజంతా కూలికి చెక్కే మిషనుకు, ముఖ్యంగా ఎనిమిదడుగుల దానికి, ఆ ఖర్చు రెండు పలకలు దక్కితే తిరిగి వచ్చినట్టే. దిమ్మెల మిషనుకు సరిగా లెక్కవేసి పెట్టిన మామూలు నెమా 23 చాలు.

ఇంత చేసినా ఉలి పెట్టెలో పెట్టేయడానికి వీలు లేదు. గుండ్రంగా తిరిగే బిట్టు లోపలి మూలను పదునుగా తీయలేదు, పై నుంచే దిగుతుంది గనుక ఆకు కింది మలుపును చెక్కలేదు. దేవత కనుకొలకులు, తామర రేకు అడుగు చేతితోనే తేలాలి. మిషను పెట్టుకున్న వడ్రంగి దగ్గర ఉలి పట్టగల పనివాడు ఉన్నాడా లేడా అన్నది తలుపు చూడగానే తెలిసిపోతుంది.

మిషను పూర్తయిన నాడే టేకు ఎక్కించడం మాత్రం తొందరపాటు. స్పిండిలు స్థానంలో పెన్సిలు కట్టి, బల్ల మీద తెల్ల కాగితం అతికించి, మూలన ఒక కూడిక గుర్తు గీయించాలి. ఆ తరువాత వాడదలచిన వేగానికి పావు వంతు ఎక్కువ వేగంతో మిషనును అన్ని దిక్కులకూ అరగంట పరుగెత్తించాలి. ఇదంతా మధ్యాహ్నం ఎండలో, డ్రైవు పెట్టె మూత వేసే చేయాలి. చివరకు అదే మూలన మళ్లీ కూడిక గుర్తు గీయమనాలి. గీత మీద గీత పడితే పలక ఎక్కించవచ్చు. రెండు గీతలు కనిపిస్తే వేగం తగ్గించాలి, లేదా వేగం అందుకునే తీరు నిదానం చేయాలి, లేదా వోల్టేజి చూసుకోవాలి, ఆపై మళ్లీ కొత్త కాగితం అతికించాలి.